నెల్లూరు తీరమున చిన్నచేపల రాత్రివేట

సముద్రమునకు రత్నాకరమని సంస్కృతమున నొక పేరు. మన తీరవాసులకు ఆ రత్నములు నెత్తళ్ళును, కవళ్ళును, కారచేపలును. వంజరమును, చందువాయు పట్టణములకు, దూరదేశములకు పోవు సరకులు. చిన్నచేపయో, పాలెమువాని కంచములోనిది. కావున మన కులచరిత్రను వ్రాయబూనినవారు పెద్దచేప పడిన దినములకంటె చిన్నచేప పడిన రాత్రులనే ముందుగా విచారింపవలసియున్నది.

మన వృత్తి ప్రాచీనతను గూర్చి సభలయందు సత్యవతీదేవి కథ చెప్పుట పరిపాటి. దాశరాజపుత్రిక వ్యాసభగవానునకు తల్లి యగుట మనకు గర్వకారణమే. అయినను శాస్త్రములయందును, శాసనములయందును వృత్తిని గూర్చిన ప్రమాణము లింకను స్పష్టముగా నున్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణమునందు మత్స్యబంధకులు తాము పట్టినదానిలో ఆఱవవంతును పడవకూలిగా రాజున కీయవలెనని విధింపబడినది. అశోకచక్రవర్తి ఐదవ స్తంభశాసనము చాతుర్మాస్యపూర్ణిమలు మొదలగు కొన్ని దినములందు చేపలను చంపుటను, అమ్ముటను నిషేధించినది. వేటకు సుంకమును, విరామమును ఏర్పఱచుట నేటి ప్రభుత్వములు క్రొత్తగా కనిపెట్టినది కాదు.

ఇక మన పేరు. 1909లో వెలువడిన థర్స్టన్ దొర గ్రంథము కృష్ణాజిల్లా మొదలు తంజావూరు వఱకుగల తూర్పుతీరపు జాలరులను వర్ణించుచు, పట్టణవరను పేరునకు పట్టణవాసి యని యర్థము చెప్పినది. మన 'పట్టపు' శబ్దము దానికి జ్ఞాతియే. నెల్లూరు తీరమున ఇసకపల్లి, పొన్నపూడి మున్నగు నూళ్ళ ప్రక్కను పట్టపుపాలెములు వెలసి నేటికిని ఆ పేరు నిలుపుచున్నవి.

ఈ పాలెములవారు చిన్నచేపకు రాత్రియే యేల పోయిరి? కారణములు నాలుగు.

మొదటిది గాలి. రాత్రి నేల నీటికంటె త్వరగా చల్లబడుటచే తెల్లవాఱుజామున గాలి భూమినుండి సముద్రముమీదికి వీచును. తెప్ప తెరచాపనెత్తి ఆ గాలితో లోనికి పోవును. ప్రొద్దెక్కి నేల కాగినంతట గాలి మఱలి, దానినే యొడ్డునకు చేర్చును. యంత్రము లేని కాలమున పోవుటకొక గాలి, వచ్చుటకొక గాలి దైవమిచ్చిన కూలిలేని పనివాండ్రు.

రెండవది చేపనడక. కంటి కానని సూక్ష్మజీవులు పగలు లోతున నుండి, చీకటిపడగానే నీటిపైభాగమునకు వచ్చును. వానిని తిను చిన్నచేపలును వానివెంట పైకి లేచును. పగటివేళ వలకందని గుంపు రాత్రి చేతికందును.

మూడవది చీకటి. నీటిలో గోడవలె నిలుచు వలను చేప చూచినచో తప్పుకొనును. చూడనిచో తల దూర్చి మొప్పలకడ చిక్కుకొనును. కావుననే మనవారికి పున్నమిరేలకంటె కృష్ణపక్షపు రాత్రులు ప్రియములు. పంచాంగమును పురోహితుడు పెండ్లికి చూచును. మన పెద్దలు వలకు చూచిరి. తిథితోపాటు పోటుపాటులను, చుక్కల పొడుపును లెక్కగట్టిరి.

నాలుగవది నీటివెలుగు. కొన్ని రాత్రులందు కదలిన నీరు మిణుగురులవలె మెఱయును. నీటిలోని సూక్ష్మజీవులే దీనికి హేతువు. చేపలగుంపు కదలినచోట ఆ కాంతి చెదరుటను జూచి, యెఱిగినవాడు గుంపు ఎంతయో, ఎటు పోవుచున్నదో చెప్పగలడు. కాని అట్టి రాత్రి వలయు వెలిగి చేపను బెదరించును. వెలుగు మిత్రమగు వేళను, శత్రువగు వేళను వేఱుపఱచుటయే ఈ విద్యయొక్క సారము. దీనికి గ్రంథము లేదు. తండ్రి తెప్పమీద కొడుకునకు చెప్పినదే పాఠము.

ఒడ్డునకు వచ్చిన చిన్నచేప యెండలో నెంతోసేపు నిలువదు. దానిని గంపల కెత్తి యూళ్ళకు మోసినవారును, మిగిలినదానిని ఇసుకమీద నెండబెట్టినవారును మన స్త్రీలు. ఇచ్చట ఉప్పుచరిత్ర మన చరిత్రతో కలియును. తీరముననే ఉప్పు పండుచుండినను, సర్కారు పన్నుచే అది చేపవానికి ప్రియమయ్యెను. 1873లో ఫ్రాన్సిస్ డే దొర తన నివేదికయందు ఈ చిక్కును వివరించెను. పిమ్మట మద్రాసు రాజధానిలో పన్నులేని ఉప్పునిచ్చు ఉప్పుచేపల ఆవరణము లేర్పడినవి. 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ దొర మత్స్యవిషయపరిశోధనకు నియుక్తుడు కాగా, 1907లో దానికొక కార్యాలయము నెలకొనెను. ఉప్పుపన్ను 1947లో తొలగెను.

సర్కారు చట్టములకంటె దగ్గఱగా మనలను పాలించినది దురాయి. ఆనపెట్టి నిషేధించుట దురాయి. పాలెపు కాపులును, పెద్దలును కూడి, ఫలానివల వేయరాదని, ఫలానినాడు వేటకు పోరాదని కట్టుబాటు చేసిన, దానిని మీఱినవాడు తప్పు చెల్లించెను. ఒకని వల మఱియొకని నోటికూడు తీయకుండుటయే దాని ధర్మము. ఇందు దోషములు లేకపోలేదు. పెద్దల పగచే కుటుంబములను వెలివేయుటకు దురాయి సాధనమైన సందర్భములు కలవు. గంప మోసిన తల్లికి ఆ సభలో పీట లేకుండెను.

1960 తరువాత నూలువల పోయి నైలాను వల వచ్చెను. 1980 తరువాత తెప్పలకు, పడవలకు మోటారులు వచ్చెను. 2004 డిసెంబరు 26నాటి సునామీ పిదప ఫైబరు పడవలు పెరిగెను. వీనివలన శ్రమ తగ్గినది; దీనిని నిందింప బనిలేదు. కాని రాత్రివేటకు మూలమైన చీకటినే హరించు సాధన మొకటి వచ్చియున్నది. ప్రచండమైన ఎల్.ఇ.డి. దీపములను నీటిపై వెలిగించి, పెద్దచేపను, పిల్లచేపను, గ్రుడ్డుచేపను ఒక్కచోటికి రప్పించి చుట్టివేయుదురు. కేంద్రప్రభుత్వము 2017 నవంబరులో దీనిని నిషేధించినది. 1994నాటి రాష్ట్ర చట్టము ననుసరించి ఒడ్డునుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయనావలకు ప్రత్యేకింపబడినది. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రనౌకలకు విరామము. చట్టమున్నను, నడిరేయి నడిసముద్రమున దానిని కాచువా డెవడు?

సోదరులారా! పొరుగుతీరముల యంత్రనౌకలు మన నీటిలోనికి వచ్చుచున్నవని మనము మొఱపెట్టుచున్నాము. మొఱ న్యాయమైనదే. కాని మన పాలెములోనే యొకడు తన పడవకు దీపము కట్టినచో, పైవానిని నిలదీయుటకు మనకు నోరెక్కడిది? మన పూర్వులు దురాయి పెట్టినది ముందుగా తమపైననే.

కావున ఈ మహాసభకు నా విన్నపము మూడు. తీరపు పాలెములన్నియు కూడి దీపపువేటపై ఒక్క దురాయి చేయవలెను. ఆ సభలో స్త్రీలకు స్థానమీయవలెను. వెలివేత దానిలో నుండరాదు. గాలుల పేర్లు, చేపల పేర్లు, నీటిగుర్తులు ఎఱిగిన వృద్ధులు జీవించియుండగనే వారిమాటలను చదువుకొన్న మన పిల్లలు వ్రాసికొనవలెను. ఆస్తిపత్రములు లేని మన కులమునకు ఆ చీకటియు, ఆ విద్యయుమాత్రమే పిత్రార్జితము. దానిని అమ్ముకొనక పిల్లలకు అప్పగింతుము గాక!

శుభం భూయాత్.