‘నైసు’ మాట వెనుక

ఆంగ్లంలో మెప్పును తెలిపే విశేషణాలలో ‘నైస్’ అన్నంత విరివిగా వినబడే మాటలు కొన్నే. దాని పుట్టుక మాత్రం తెగడ్తలో ఉంది. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ ఎరుగనివాడు. ‘స్కిరె’ అంటే ఎరుగుట. సైన్సు అన్న మాటకూ అదే మూలం. పాత ఫ్రెంచి మీదుగా సుమారు 1300 నాటికి ఆంగ్లంలో చేరినప్పుడు ఈ పదానికి అర్థం ‘తెలివితక్కువ’. పిమ్మట అది చాదస్తాన్నీ, సౌకుమార్యాన్నీ సూచించి, 16వ శతాబ్దంలో ‘సూక్ష్మమైన’ అన్న అర్థాన్ని సంతరించుకుంది. ‘ఇంపైన’ అన్న నేటి అర్థం 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో గాని స్థిరపడలేదు.

ఆ మార్పును అక్కడివారూ సులభంగా ఒప్పుకోలేదు. 1817 చివర వెలువడిన జేన్ ఆస్టెన్ నవల ‘నార్తాంగర్ ఆబీ’లో, ఒక పుస్తకాన్ని ఆ మాటతో మెచ్చుకున్నందుకు హెన్రీ టిల్నీ కథానాయికను ఆటపట్టిస్తాడు. అన్నిటికీ అదే మాటా అన్నది అతని ఆక్షేపణ.

ఇక మన సంగతి. 2008 మార్చి 23న హైదరాబాదు విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారాయి. 2009 అక్టోబరులో మెహదీపట్నం, ఆరాంఘర్ల మధ్య 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు వంతెన తెరుచుకున్నది. ఆ దారిన వెళ్తూ ఒకసారి మా డ్రైవరు, “మీదికెళ్ళి పోతే బండి నైసుగ పోతది సార్, ఒక్క కుదుపుండదు” అన్నాడు. తోటి ప్రయాణికుడొకరు నవ్వి, “నైస్ అంటే బాగుంది అని, నున్నగా అని కాదు” అని దిద్దారు. డ్రైవరు మరి మాట్లాడలేదు.

ఆ దిద్దుబాటు న్యాయమైనదేనా? పిండి నైసుగా రుబ్బమంటాం. నైసుగా మాట్లాడి పని చేయించుకున్నాడంటాం. సభ నుండి నైసుగా జారుకున్నాడంటాం. నునుపు, లౌక్యం, చప్పుడు లేకపోవడం – మూడూ తెలుగు ఇచ్చిన అర్థాలు. ‘బాగా’కూ ‘నున్నగా’కూ ఉన్న ‘గా’ దీనికీ చేరింది. ‘నైస్ డిస్టింక్షన్’ అంటే ఆంగ్లంలో నేటికీ సూక్ష్మభేదమే. మెత్తని పిండికి ఆ పాత అర్థం ఎంత దగ్గరో చదువరులు గమనించగలరు. ఒకదాని నుండి మరొకటి పుట్టిందని నా వాదన కాదు. పోలిక ఉన్నదని మాత్రమే.

మాటలకు ఇది కొత్త కాదు. ‘సంతోషంగా ఉండు’ అనే పారశీక దీవెన ‘షాద్ బాష్’ మనకు శభాష్ అయింది. ‘ఎక్కువ’ అనే ‘బేష్’ మనకు భేష్ అయింది. శంషాబాదు పేరులోనే అరబ్బీ ‘షమ్స్’, పారశీక ‘ఆబాద్’ కలిసి కాపురముంటున్నాయి. వీటిని తప్పని ఎవరూ దిద్దరు.

ఆంగ్లంలో వ్రాసేటప్పుడు ఆంగ్ల మర్యాద పాటించవలసిందే. మనిషి మంచితనానికి, సాయంకాలపు గాలికి నైస్ చాలు. ప్రాణం నిలిపిన వైద్యాన్ని నైస్ అంటే మెప్పు చిన్నబోతుంది. కాని తెలుగు వాక్యంలో కూర్చున్న ‘నైసు’కు తీర్పరి తెలుగే. తెలియనితనానికి పేరైన మాట మెప్పుగా మారగా లేనిది, మెప్పు నునుపుగా మారితే నవ్వడమెందుకు? మీ ప్రాంతంలో దీనికి మరే అర్థమున్నా మిత్రులు తెలుపగలరు.