మగబిడ్డకు తాతపేరు

అవినాశి ప్రాంతమున మేమెరిగిన తెలుగు కుటుంబములలో తొలి మగబిడ్డకు తాతగారి పేరు పెట్టుట పూర్వాచారము. మధుర నాయకరాజులలో 1564లో గద్దెనెక్కిన కృష్ణప్పకు కుమారుడు వీరప్ప. వీరప్ప కుమారుడు మరల కృష్ణప్పయే. కోయంబత్తూరు యంత్రశిల్పి జి.డి. నాయుడుగారి (1893-1974) తండ్రి గోపాలస్వామి, కుమారుడు గోపాల్.

తమిళదేశమున మన ఇంటిపేరుండవలసిన చోట తండ్రిపేరి తొలియక్షరము నిలిచినది. దొరస్వామి నాయుడుగారి ‘జి’ యట్టిదే. తరము మారిన నా యక్షరమును మారును. ఇంటిపేరు పత్రములనుండి జారిపోవును. అప్పుడు వంశమును గుర్తుచేయునది తాతపేరే. నేటి క్రొత్తపేర్లు ఇంపైనవే; కాని అవి వంశమును తెలుపవు.

పిలుచుటకు ఏ ముద్దుపేరైన నుండనిండు. బారసాలనాడు మాత్రము పళ్లెములోని బియ్యముపై ఇంటిపేరుతో కూడ తాతపేరును తెలుగక్షరములలో వ్రాయుడని మా మనవి. ఇంటనైన ఆ యక్షరములు నిలిచియుండును.