పాపం ఎవరిది? : మునిర్కా ఘటన, ఒక బొమ్మల కథ

బేతాళ కథలలో ఒకటి సుప్రసిద్ధం. గ్రద్ద ఒకటి పామును తన్నుకొని పోవుచుండగా, పాము నోటి నుండి జారిన విషం క్రింద ఒక బ్రాహ్మణుని అన్నంలో పడినది. అది తిని అతడు మరణించినాడు. ఈ హత్యాపాతకం గ్రద్దదా, పాముదా, అన్నం పెట్టినవారిదా అని బేతాళుడు అడిగినాడు. వీరిలో ఎవరియందును దోషం లేదనియు, విచారింపక వీరిలో ఒకరిని దోషి అన్నవానికే ఆ పాపం చెందుననియు రాజు సమాధానం చెప్పినాడు.

నేరాన్ని గురించిన కథలన్నీ ఇంత దూరం పోవు. నేరం చేసినవాడు ఎవడు అన్నది అపరాధ పరిశోధన నవల వేసే ప్రశ్న. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఆ ప్రశ్నతోనే తెలుగు పాఠకులను ఆకట్టుకొన్నాడు. పాశ్చాత్య చిత్రకథాకారులు కొందరు మరొక అడుగు వేసి, హంతకుని మనస్సులో ఏమున్నదని అడిగినారు. ఆలన్ మూర్ రచనకు ఎడ్డీ క్యాంబెల్ బొమ్మలు వేసిన ‘ఫ్రమ్ హెల్’ 1888 నాటి లండన్ హత్యలను తీసికొని, హంతకుని అంతరంగంలోనికి ప్రవేశించినది. అమెరికాలో డెర్ఫ్ బ్యాక్‌డెర్ఫ్ తనతో చదువుకొన్న బాలుడు ఘోర హంతకుడుగా మారిన వైనాన్ని 2012లో ‘మై ఫ్రెండ్ డామర్’ అనే బొమ్మల పుస్తకంగా వెలువరించినాడు. ఆ బాలుడు దారి తప్పుచున్నప్పుడు చుట్టునున్న పెద్దలు ఏమి చేయుచున్నారన్నది అందులోని ముఖ్యమైన ప్రశ్న.

ఆ సంవత్సరమే మన రాజధానిలో అటువంటి ప్రశ్న దారుణమైన రూపంలో ఎదురైనది. మునిర్కా దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి పొరుగున, నగరం నలువైపులా చుట్టుముట్టిన పాత గ్రామం. అక్కడి ఇరుకు సందులలో దూరప్రాంతాల విద్యార్థులెందరో అద్దెకుండి చదువుకొంటారు. 2012 డిసెంబరు 16 రాత్రి, సాకేత్‌లో సినిమా చూచి ఇంటికి పోవుచున్న 23 ఏండ్ల ఫిజియోథెరపీ విద్యార్థిని, ఆమె స్నేహితుడు మునిర్కాలో ఒక ప్రైవేటు బస్సు ఎక్కినారు. అందులోని ఆరుగురు ఆమెపై అత్యాచారం జరిపి, చిత్రహింసలు పెట్టి, ఇద్దరినీ మహిపాల్‌పూర్ దగ్గర రోడ్డు ప్రక్కన పడవేసినారు. డిసెంబరు 29న సింగపూరు ఆసుపత్రిలో ఆమె కన్నుమూసినది.

దేశం అట్టుడికినది. జస్టిస్ వర్మ సంఘం సుమారు 80,000 సూచనలు స్వీకరించి 2013 జనవరి 23న నివేదిక సమర్పించినది. ఆ ఏడే శిక్షాస్మృతి సవరింపబడినది. నిందితులలో ఒకడు 2013 మార్చిలో తీహారు జైలులో మరణించినాడు. మైనరును మూడేండ్లు సంస్కరణ గృహంలో ఉంచినారు. నలుగురిని 2020 మార్చి 20న ఉరితీసినారు. దోషులెవరన్న ప్రశ్నకు న్యాయస్థానం ఇచ్చిన సమాధానం ఇది.

ఆందోళనల రోజులలో రామ్ దేవినేని అనే ప్రవాస భారతీయ చిత్రనిర్మాత ఢిల్లీలో ఉన్నాడు. ఆ ఇంటిపేరు తెలుగునాట అందరికీ పరిచితమే. ఈ ఘోరాన్ని గురించి ఆయన ఒక పోలీసు అధికారిని అడుగగా, మంచి ఇంటి పిల్ల రాత్రివేళ ఒంటరిగా తిరుగదన్న అర్థం వచ్చే జవాబు లభించినదట. సమస్య చట్టంతో తీరేది కాదు, సమాజపు తలపులలోనే ఉన్నదని తనకు అప్పుడు తోచినట్లు ఆయన తరువాత చెప్పినాడు. ఆ తలంపు నుండి పుట్టినదే ‘ప్రియాస్ శక్తి’ అనే బొమ్మల కథ. డాన్ గోల్డ్‌మన్ బొమ్మలతో అది 2014 డిసెంబరులో వెలువడినది.

కథానాయిక ప్రియ పల్లెటూరి పిల్ల. చదువుకొని ఉపాధ్యాయిని కావలెనని ఆమె కోరిక. చదువు మాన్పించినారు. పెరిగిన తరువాత దుండగులు ఆమెపై అత్యాచారం చేసినారు. ఇంటికి వచ్చి చెప్పుకొనగా, ఇంటివారు తప్పు ఆమెదే అని వెళ్లగొట్టినారు. అడవి పాలైన ఆమె మొర పార్వతి ఆలకించినది. తనను వెంటాడు పులిని ప్రియ ఎదుర్కొని, దానినే వాహనంగా చేసికొని ఊరికి తిరిగి వచ్చినది. భయమే బలమైనదని కథ తాత్పర్యం. దుండగుల మనస్తత్వాన్ని విశ్లేషించే పని ఈ కథ పెట్టుకొనలేదు. గడప దాటించి తలుపు వేసిన ఇంటివారి మనస్సు మీదనే దీని దృష్టి.

ఈ దృష్టి ఎంత సరియైనదో మరుసటి ఏడు తేలినది. లెస్లీ ఉడ్విన్ బి.బి.సి. కొరకు తీసిన ‘ఇండియాస్ డాటర్’ చిత్రం 2015 మార్చిలో ప్రసారం కానుండగా భారతదేశంలో నిషేధింపబడినది. అందులో ఉరిశిక్ష పడిన ఖైదీ ఒకడు, జరిగినదానికి ఆ పిల్లదే ఎక్కువ బాధ్యత అన్నాడు. హంతకుని మనస్సు తెరచి చూచినవారికి అక్కడ వింత చీకటి ఏదియు కనిపించలేదు. పోలీసు అధికారి పలికిన మాట, ప్రియ ఇంటివారు పలికిన మాట, వీథి అరుగుల మీద మనము తరచుగా వినే మాట అక్కడ ఉన్నది.

ప్రియ కథలో లోపం లేకపోలేదు. దేవత దిగివచ్చి ధైర్యమిచ్చుట పురాణ మార్గం. మునిర్కా బస్సులోనికి ఏ దేవతయు దిగిరాలేదు. ప్రియ బ్రతికినది, ఆ విద్యార్థిని బ్రతుకలేదు. అయినను ఈ కథ బ్రతికి ఉన్నవారి కొరకు వ్రాసినది. బేతాళ కథలో చంపవలెనని చంపినవాడు లేడు. ఇక్కడ ఆరుగురు ఉన్నారు, వారి పాపం వారిదే, అందులో ఎవరికిని వాటా లేదు. విచారింపక బాధితురాలిని దోషి అన్నవాని పాపం వేరుగా ఉన్నది. దానికి ఏ శిక్షాస్మృతిలోను సెక్షను లేదు గనుక, దానిని విచారించే పని సాహిత్యం మీద పడినది.