ఉదాహరణలు లేని శిక్షణ

యంత్రానికి ఏదైనా నేర్పాలంటే మామూలుగా వేల, లక్షల ఉదాహరణలు చూపాలి. నాలుగైదే చూపి పని చేయించడం ఫ్యూ-షాట్; ఒక్కటీ చూపకుండా చేయించడం జీరో-షాట్. జీబ్రాను చూడని పిల్లవాడికి "ఒంటినిండా చారలున్న గుర్రం" అని చెప్తే జూలో గుర్తుపట్టేస్తాడు. 2009లో పరిశోధకుడు లాంపర్ట్ బృందం కంప్యూటర్‌తో చేయించిందీ దాదాపు ఇదే: ఫొటోలకు బదులు లక్షణాల పట్టిక.

భాషల విషయంలోనూ ఇలాంటి అవసరమే ఉంది. అండమాన్ దీవుల్లో పోర్ట్ బ్లెయిర్ శివారు బతు బస్తీలో తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ కలిసే వినిపిస్తాయి. వీటిని యంత్రానికి నేర్పడానికి పాఠ్యం కొరత లేదు. అసలు చిక్కు ఈ దీవుల సొంత భాషలతోనే. బో భాష చివరి వక్త బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. బో చేరిన గ్రేట్ అండమానీస్ భాషలకు ముఖ్యమైన ఆధారాలు కొన్ని రికార్డింగులు, భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి రాసిన నిఘంటువు, వ్యాకరణం. ఆ వ్యాకరణమే ఒక వింత: శరీరాన్ని ఏడు భాగాలు చేసి, ఆ గుర్తులనే నామాలకూ క్రియలకూ తగిలిస్తారు. పెద్ద భాషల అలవాటుతో వచ్చిన భాషా మోడల్ ఇక్కడ తడబడక తప్పదు.

దారి లేకపోలేదు. ఇండోనేషియాలో 200 మంది కూడా మాట్లాడని కలమాంగ్ భాషను ఒక వ్యాకరణ పుస్తకం, చిన్న పదపట్టిక, కొద్దిపాటి జంట వాక్యాలతో (ఒకే వాక్యం రెండు భాషల్లో) అనువదించగలవా అని 2023లో పరిశోధకులు మోడళ్లను పరీక్షించారు. ఫలితం పరవాలేదు, కానీ అదే పుస్తకం చదివిన మనిషే ముందున్నాడు. 2022లో గూగుల్ అనువాద సేవలో చేరిన 24 భాషల్లో భోజ్‌పురి, మైథిలి, మిజో ఉన్నాయి. వాటికి జంట వాక్యాలు వాడలేదు, ఏకభాషా పాఠ్యమే ఆధారం. బో భాషకు అంత పాఠ్యమూ లేదు.