పగకి లైసెన్స్

గూఢచారి నవలలో పగ తీర్చుకోవడం అంత తేలిక కాదు. గూఢచారి ఎంత మొనగాడైనా ఉద్యోగి. పైవాడు పంపితే వెళ్ళాలి, వద్దంటే ఆగాలి. మరి సొంత గాయం సంగతేంటి?

ఇయాన్ ఫ్లెమింగ్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. 1963లో వచ్చిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ చివర్లో బాండ్ భార్య పెళ్ళిరోజే హత్యకి గురవుతుంది. మరుసటేడు వచ్చిన ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో బాండ్ పనిమీద జపాన్ వెళ్తాడు. అక్కడి గూఢచార సంస్థ పెద్ద టనాకా అతన్ని ఒక మనిషిని చంపమంటాడు. ఫోటో చూస్తే వాడు బ్లోఫెల్డ్, భార్యని చంపినవాడు! బాండ్ ఆ మాట పైకి అనడు. పగ తనది, పని సర్కారుది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, అప్రూవల్ ముందే వచ్చేసిన టికెట్.

మనకీ ఆ గాలి తగిలింది. 1966లో మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ ‘గూఢచారి 116’ అయ్యాడు. చనిపోయిన ఏజెంట్ 303 వదిలిన పనిని 116 అందుకుంటాడు. హిందీలో అదే ‘ఫర్జ్’. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. అతనికీ సి.ఐ.బి. ఉంది, కులకర్ణి అనే బాస్ ఉన్నాడు. అద్దె పుస్తకాల షాపుల్లో నలిగిపోయిన ఆ అట్టల మీద పిస్తోలు ఎప్పుడూ మనవాడి చేతిలోనే ఉంటుంది.

‘గూఢచారి 116’ వచ్చిన మరుసటేడు, 1967 అక్టోబర్ 31న, అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో, మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు నడిచింది. 1968లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

నవలైతే ఇక్కడ బాస్ ఫోన్ చేస్తాడు. కొండల్లో ఎవరికీ ఫోన్ రాలేదు. ఆ ఏడాది నవంబరులో గిరిజనులు పెదగొత్తిలిలో ఒక షావుకారు ఇంటి మీద పడి ధాన్యం పట్టుకుపోయారు, అప్పుపత్రాలు తగలబెట్టారు. తర్వాత హత్యలూ జరిగాయి. ‘వర్గశత్రు నిర్మూలన’ అన్న ఆ దారిని ఉద్యమం లోపలివాళ్ళే తర్వాత తప్పుపట్టారు. 1970 జూలై 10న మాస్టార్లు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు.

ఇందులో ఏ హత్యనీ నేను సమర్థించడంలేదు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. ఒకే పనిని ఒకచోట సాహసమనీ, ఇంకోచోట నేరమనీ పిలిపించేదేంటి? సంతకం. బాండ్ పగకి ఆ సంతకం ఉంది. షాడో పిస్తోలుకీ ఉంది. సత్యం మాస్టారికి లేదు. ఆయన్ని కాల్చిన తుపాకికి మాత్రం ఉంది.

పాకెట్ నవలలు చెడ్డవని చెప్పడానికి ఇదంతా రాయలేదు. చాలామందికి చదవడం నేర్పినవి అవే. కానీ అవి మనకి ఒక అలవాటు కూడా నేర్పాయి: సంతకం ఉన్న చావుని లెక్కపెట్టకుండా పేజీ తిప్పెయ్యడం. విలన్ అనుచరులు ఎంతమంది పోయారో ఏ పాఠకుడికీ గుర్తుండదు. వాళ్ళకి పేర్లు ఉండవు.

లేవిడిలో పోయినవాళ్ళకి ఉన్నాయి. కోరన్న, మంగన్న.