కేంద్రం లేని శోధన, కలవని భాషలు: ఫైళ్ల పంపిణీ సాఫ్ట్‌వేర్ల చరిత్రలో పరస్పర అనుకూలత

ఉపోద్ఘాతం:

2013 సెప్టెంబరులో, కూచిపూడి ఉన్న కృష్ణా జిల్లాలోనే, పెడన పట్టణంలో ఒక తెలుగు చిత్రం విడుదలకు ముందే డిస్కుల రూపంలో చేతులు మారింది. ‘అత్తారింటికి దారేది’ చిత్రంలోని సుమారు 90 నిమిషాల భాగం అదే సమయంలో అంతర్జాలంలోనూ వ్యాపించింది. నిర్మాతలు అక్టోబరు 9న అనుకున్న విడుదలను సెప్టెంబరు 27కు జరిపారు. ఈ సంఘటనపై సాగిన చర్చ ప్రధానంగా చౌర్యం చుట్టూ తిరిగింది. సాంకేతిక చరిత్ర దృష్టితో చూస్తే దీని వెనుక మరొక ప్రశ్న ఉంది. ఒక ఫైలు ఎవరి దగ్గర ఉందో చెప్పే కేంద్ర పట్టిక లేనప్పుడు, ముఖపరిచయం లేనివారు ఒకరినొకరు ఎలా కనుగొంటారు? కేంద్రాన్ని తొలగించినంత మాత్రాన ఉమ్మడి ఒప్పందం అవసరం తొలగిపోదనీ, ఆ ఒప్పందమే కొత్త కేంద్రమవుతుందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

పట్టిక నుంచి పంపకానికి:

1999లో వచ్చిన నాప్‌స్టర్‌లో పాటలు వినియోగదారుల కంప్యూటర్లలోనే ఉండేవి. కాని ఏ పాట ఎవరి దగ్గర ఉందో తెలిపే పట్టిక మాత్రం సంస్థ సర్వర్లలో ఉండేది. 2001లో న్యాయస్థానం ఆదేశాలతో ఆ సర్వర్లు ఆగిపోగానే, పాటలు ఎక్కడివక్కడే ఉన్నా వాటిని చేరే దారి మూసుకుపోయింది. 2000లో వెలువడిన నుటెల్లా పట్టికను పూర్తిగా తొలగించి, ప్రతి ప్రశ్ననూ ఇరుగుపొరుగు కంప్యూటర్లన్నిటికీ చాటింపు వేసే పద్ధతిని అనుసరించింది. సభ్యులు పెరిగేకొద్దీ చాటింపుల భారమే వ్యవస్థను కుంగదీసింది.

ఈ రెండింటికీ నడుమ మార్గంగా 2001లో కార్డ్, క్యాన్, పేస్ట్రీ, టాపెస్ట్రీ అనే నమూనాలు వెలువడ్డాయి. పట్టికను ముక్కలుచేసి సభ్యులందరికీ పంచడం వీటి సారం. దీనికే డిస్ట్రిబ్యూటెడ్ హాష్ టేబుల్ (డీహెచ్‌టీ) అని పేరు. 2002లో పీటర్ మేమౌన్‌కోవ్, డేవిడ్ మాజియెరెస్ ప్రతిపాదించిన కడెమ్లియా ఈ కోవలో ఎక్కువ ప్రచారం పొందింది. ఇందులో ప్రతి కంప్యూటర్‌కూ, ప్రతి ఫైలుకూ ఒక పొడవైన సంఖ్య ఉంటుంది. ఏ ఫైలు సంఖ్యకు ఏ కంప్యూటర్ సంఖ్య దగ్గరగా ఉంటే, ఆ ఫైలు సమాచారాన్ని ఆ కంప్యూటర్ దాచిపెడుతుంది. వెతికేవారు తమకు తెలిసినవారిని అడుగుతారు. వారు ఇంకా దగ్గరివారిని చూపిస్తారు. ఇలా కొద్ది అడుగుల్లోనే, లక్షల సభ్యులున్న వలలో కూడా, గమ్యం దొరుకుతుంది.

ఒకే సిద్ధాంతం, రెండు వలలు:

2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్‌లో సభ్యులను పరిచయం చేసే పని ట్రాకర్ అనే సర్వర్‌ది. ట్రాకర్ మూతపడితే పంపిణీ నిలిచిపోయేది. 2004 డిసెంబరులో సుప్రనోవా వంటి ప్రసిద్ధ సైటు మూతపడటంతో కేంద్రస్థానాల బలహీనత అందరికీ తెలిసివచ్చింది. 2005 మే నెలలో అజూరియస్ అనే సాఫ్ట్‌వేర్ తన డీహెచ్‌టీని ప్రవేశపెట్టింది. కొద్ది వారాలకే కోహెన్ బృందం తన అసలు సాఫ్ట్‌వేర్‌లో వేరొక డీహెచ్‌టీని తెచ్చింది. దీన్నే మెయిన్‌లైన్ అంటారు.

రెండింటికీ ఆధారం కడెమ్లియానే. అయినా ఒకదాని మాట మరొకదానికి అర్థం కాలేదు. మెయిన్‌లైన్ సందేశాలను బెన్‌కోడ్ అనే సరళమైన లిపిలో పంపితే, అజూరియస్ తన సొంత బైనరీ అమరికను వాడింది. మెయిన్‌లైన్‌లో సభ్యుని సంఖ్య యాదృచ్ఛికంగా ఏర్పడితే, అజూరియస్‌లో అది ఐపీ చిరునామా, పోర్టుల నుంచి పుట్టేది. చిరునామాల జాబితాలోని ఒక్కో అరలో మెయిన్‌లైన్ 8 మందిని ఉంచుకుంటే, అజూరియస్ 20 మందిని ఉంచుకునేది. కొత్త సభ్యుడు తొలిసారి తలుపు తట్టవలసిన కంప్యూటర్లు సైతం వేరు. ఫలితంగా, ట్రాకర్ లేనప్పుడు ఒకే ఫైలును పట్టుకొని ఉన్న ఇద్దరు సభ్యులు ఒకరికొకరు కనిపించని స్థితి ఏర్పడింది.

కూచిపూడి మేళాల భామాకలాపం ప్రతులు ఒకదానితో ఒకటి అక్షరాలా కలవవు. అయినా ఒక మేళం నటుడు మరో మేళంలో వేషం కట్టవలసివస్తే, ఎదుటి పాత్ర అందించే మాటను బట్టి సర్దుకోగలడు. యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. సందేశంలో ఒక్క అక్షరం స్థానం మారినా అది దానిని చెత్తగా భావించి పారవేస్తుంది. సిద్ధాంతం ఒకటైనంత మాత్రాన ఆచరణలు కలవవనడానికి 2005 నాటి ఈ చీలిక స్పష్టమైన నిదర్శనం.

కలయిక మార్గాలు:

చీలిక తీరడానికి మూడు కారణాలు తోడ్పడ్డాయి. మొదటిది సంఖ్యాబలం. బిట్‌కామెట్, మ్యూటోరెంట్ వంటి జనాదరణ పొందిన సాఫ్ట్‌వేర్లు మెయిన్‌లైన్ పద్ధతినే స్వీకరించాయి. రెండవది ద్విభాషిత్వం. అజూరియస్‌కు ఒక ప్లగిన్ తోడై, ఒకే సాఫ్ట్‌వేర్ రెండు వలల్లోనూ సభ్యత్వం పొందే వీలు కలిగింది. రెండు వలలూ వేర్వేరుగానే ఉన్నా, ఆ సభ్యుడు వాటి నడుమ వారధి అయ్యాడు. మూడవది లిఖిత ప్రమాణం. ఆండ్రూ లోవెన్‌స్టెర్న్, ఆర్విడ్ నోర్‌బెర్గ్ 2008లో మెయిన్‌లైన్ పద్ధతిని ప్రమాణపత్రంగా నమోదు చేశారు. దాంతో అది ఎవరైనా చదివి అమలు చేయదగిన నియమావళిగా నిలిచింది. 2013లో హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచేనాటికి మెయిన్‌లైన్ వలలో ఏకకాలంలో కోటిన్నరకు పైగా సభ్యులు ఉన్నారు.

తెలుగు సందర్భం:

ఈ కలయిక ప్రభావం తెలుగు నేల మీదా కనిపిస్తుంది. 2012లో ‘3’ అనే తమిళ చిత్రానికీ ‘దమ్ము’ అనే తెలుగు చిత్రానికీ రక్షణ కోరుతూ మద్రాసు హైకోర్టు నుంచి పొందిన ఆదేశాల ఆధారంగా, కొన్ని ఇంటర్నెట్ సంస్థలు పైరేట్ బేతో పాటు విమియో వంటి సైట్లను మొత్తంగా మూసివేశాయి. ఉల్లంఘన జరిగిన నిర్దిష్ట చిరునామాలకే ఆదేశం వర్తిస్తుందని జూన్‌లో న్యాయస్థానం స్పష్టం చేయవలసివచ్చింది. పైరేట్ బే 2009 నవంబరులోనే తన ట్రాకర్‌ను నిలిపివేసి, సభ్యుల అన్వేషణను డీహెచ్‌టీకి వదిలిపెట్టింది. సైటు మూతపడినా, ఫైలు సంఖ్య తెలిసినవారికి దారి తెరిచే ఉంటుంది. నాప్‌స్టర్ కాలంలో పనిచేసిన విరుగుడు ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ముగింపు:

పెడన ఉదంతంలో పోలీసులు ‘నీకు ఎవరిచ్చారు’ అని ఒక్కొక్కరినే అడుగుతూ మూలం వైపు నడిచారు. డీహెచ్‌టీలో వెతికే సాఫ్ట్‌వేర్ కూడా తెలిసినవారి ద్వారా తెలియనివారిని చేరుతుంది. అయితే అడగడానికి అక్కడ పరిచయం అక్కర్లేదు, భాష తెలిస్తే చాలు. ఆ భాష వచ్చిన ప్రతివారికీ వల ఒకే విధంగా జవాబిస్తుంది. అడిగినవాడు చౌర్యానికి పూనుకున్నవాడైనా, హక్కుదారు తరఫున సభ్యుల చిరునామాలు సేకరించేవాడైనా, ప్రతులు అరుదైన గ్రంథాన్ని వెతుకుతున్న పరిశోధకుడైనా అది తేడా చూపదు. తెలుగు గ్రంథాలను, ప్రదర్శన దృశ్యాలను వికేంద్రీకృతంగా భద్రపరచాలనుకునేవారు ప్రతుల సంఖ్యతో తృప్తిపడరాదు. ఆ ప్రతులు ఉన్నవారందరూ ఒకే శోధన ప్రమాణాన్ని పాటించేలా చూడటం కూడా భద్రపరచడంలో భాగమే. 2005లో ఫైళ్లేవీ నశించలేదు. వాటిని పట్టుకున్నవారే ఒకరికొకరు కనిపించకుండా పోయారు.