ఉక్కు రావద్దు, తుక్కు పోవద్దు

బయటి ఉక్కు లోపలికి రాకూడదు, లోపలి తుక్కు బయటికి పోకూడదు. ఇనుము విషయంలో నూరేళ్లుగా చాలా దేశాలు కోరుకుంటున్నది ఇదే. ఉక్కు కొలిమిలోంచి వచ్చే సరుకు, తుక్కు కొలిమిలోకి వెళ్లే సరుకు. అందుకే ఒకదాని మీద పడిన సుంకం రెండోదాని ధరను కదిలించకుండా ఉండదు.

మన దేశంలో ఈ కథకు మొదలు 1924. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక యూరప్ కర్మాగారాలు మళ్లీ పుంజుకున్నాయి. బెల్జియం వంటి దేశాల కరెన్సీ విలువ పడిపోవడంతో అక్కడి ఉక్కు మన రేవుల్లో కారుచౌకగా దిగింది. అప్పటికే విస్తరణ ఖర్చుల్లో మునిగి ఉన్న జంషెడ్‌పూర్ కర్మాగారం జీతాలకే తడుముకుంది. దాని అధిపతి దొరాబ్జీ టాటా సొంత ఆస్తిని, భార్య నగలతో సహా, బ్యాంకులో కుదువపెట్టారు. 1923లో ఏర్పడిన టారిఫ్ బోర్డు సిఫారసు మేరకు 1924 జూన్‌లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. ఉక్కు ఒక్కదానిపై సుంకం వేస్తే, దానితో చేసిన సామాను చౌకగా దిగుతుంది. కాబట్టి దూలాలు, వ్యాగన్లు చేసేవారికీ ఆ చట్టంలోనే రక్షణ కల్పించాల్సి వచ్చింది. 1927లో మరో మెలిక పడింది: బ్రిటన్ ఉక్కుకు తక్కువ సుంకం, మిగతా యూరప్ ఉక్కుకు ఎక్కువ.

తుక్కు లెక్క వేరు. గిరాకీ పెరిగితే గనిలో ఖనిజం ఎక్కువ తవ్వుకోవచ్చు. ధర బాగుందని ఎవరూ పనికొచ్చే వంతెనను కూల్చి అమ్ముకోరు. పాతబడిన వస్తువు ఎంత ఉంటే అంతే తుక్కు. ఈ కొరతే దాన్ని ఆయుధంగా మార్చింది. జపాన్ కొలిములు ఎక్కువగా అమెరికా తుక్కుతోనే నడిచేవి. 1940 అక్టోబరులో అమెరికా ఆ ఎగుమతులకు తాళం వేసింది.

యుద్ధం తర్వాత ఆరు యూరప్ దేశాలు 1951లో పారిస్ ఒప్పందంపై సంతకం చేసి, బొగ్గు, ఉక్కు వర్తకంలో తమ మధ్య సుంకాలు ఎత్తేశాయి. 1953లో ముందు బొగ్గుకు, ఇనుప ఖనిజానికి, తుక్కుకు ఉమ్మడి మార్కెట్ తెరిచి, ఆ తర్వాతే ఉక్కుకు తెరిచారు. బయటి నుంచి తెచ్చే ఖరీదైన తుక్కు భారాన్ని అందరికీ పంచడానికి తుక్కు కొన్న కంపెనీల దగ్గర చందా వసూలు చేశారు. ఇటలీకి చెందిన మెరోని కంపెనీ దానిపై కోర్టుకెక్కి, 1958లో గెలిచింది. ఆ తీర్పును యూరప్ న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

ఒప్పందాల మరో ముఖం మనకు 2015లో కనిపించింది. దక్షిణ కొరియాతో 2010లో, జపాన్‌తో 2011లో అమల్లోకి వచ్చిన ఒప్పందాల వల్ల ఆ దేశాల ఉక్కుపై సుంకం అంచెలంచెలుగా కరిగిపోయింది. ఇంతలో చైనాలో గిరాకీ తగ్గి, ప్రపంచమంతటా ఉక్కు మిగిలిపోయింది. మామూలు దిగుమతి సుంకం పెంచితే అది చైనా సరుకుకు తగులుతుంది గానీ ఒప్పందం చేసుకున్న దేశాలకు తగలదు. అందుకే 2015 సెప్టెంబరులో హాట్ రోల్డ్ కాయిల్స్‌పై ఒప్పంద దేశాలకూ తగిలే 20 శాతం సేఫ్‌గార్డ్ సుంకం, 2016 ఫిబ్రవరిలో 173 రకాల ఉక్కు సరుకుపై కనీస దిగుమతి ధర వచ్చాయి.

అమెరికా 2018లో ఉక్కుపై 25 శాతం సుంకం విధించి, 2025 జూన్‌లో దాన్ని 50 శాతానికి పెంచింది. తుక్కును మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. అక్కడి ఉక్కులో ఎక్కువ భాగం తుక్కు కరిగించే విద్యుత్ కొలిముల్లోనే తయారవుతుంది మరి. మన 2021 బడ్జెట్ కూడా అదే దారిలో తుక్కు దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది.

ఇప్పుడు యూరప్ తన తుక్కుకు గట్టి కాపలా పెడుతోంది. పర్యావరణ ప్రమాణాలు పాటిస్తామని నిరూపించుకోని వర్ధమాన దేశాలకు 2027 మే నుంచి అక్కడి తుక్కు రాదు. అది నిజంగా అమలైతే హైదరాబాద్ చుట్టుపక్కల తుక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేసులు సైతం స్థానిక తుక్కు వైపే చూడాలి. అప్పుడు మన దగ్గరా ఎగుమతి ఆపమనే ఒత్తిడి రావచ్చు. ఆపితే కొలిమికి తుక్కు చౌకగా దొరుకుతుంది, నిజమే. ఆ తగ్గింపు మాత్రం పాత ఇనుము ఏరి, కొని, అమ్మేవాళ్ల రాబడిలోంచే పోతుంది. గిట్టుబాటు లేకపోతే వాళ్లు ఆ పని మానేస్తారు. తుక్కును దేశంలోనే ఉంచాలనుకునే సర్కారు ముందు దాన్ని పోగుచేసేవాడికి గిట్టే ధర చూడాలి.